ఇంటావిడ నేర్చుకున్న ఒక్క తెలుగు ముక్క

కూర్చో అమ్మాయ్, కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు అచ్చం నా కాలులాంటిదే, ఎప్పుడు మడతపడుతుందో దానికే తెలీదు. ఇలా మంచమ్మీదకి రా. ఏంటీ, మీ నాన్న సంగతా? పొద్దున పక్కింటి పెద్దావిడ అంత ఆప్యాయంగా "నిండు నూరేళ్ళు బతుకు నాయనా" అంటే చేతిలో కప్పు అక్కడే పెట్టేసి లేచి వెళ్ళిపోయాడనా? ఆవిడ మొహం చిన్నబుచ్చుకుందనా? బుచ్చుకోదూ మరి! పుట్టినరోజు పూట దీవిస్తే తిట్టినట్టు లేచిపోయే మనిషిని ఎక్కడైనా చూశామా? నేను చూశాలే. కొన్నేళ్ళుగా ఈయన్నే చూస్తున్నా. నీకేం చెప్పాడు వాడు? మీ పెదనాన్న గురించి? "చదువుకోడానికి వేరే దేశం వెళ్ళి అక్కడే పోయాడు." అంతేనా? ఆ. అబద్ధమేం కాదు. కాకపోతే అందులో మీ నాన్న లేడు, నేను లేను, మేం అద్దెకున్న ఇంటావిడ లేదు, మీ పెద్దత్త లేదు. మనుషుల్ని తీసేస్తే ఏ కథైనా ఒక్క ముక్కే కదమ్మా.

మీ పెదనాన్నకి మేం పెట్టిన పేరు డొంకతిరుగుడు. పిలవడానికి పొడుగైందని డొంక అనేవాళ్ళం. ఏ మాటా సూటిగా చెప్పడు. కూరలో ఉప్పు తగ్గిందనుకో, "ఒరే, ఇక్కడికి సముద్రం ఎంత దూరంరా?" అనేవాడు. నేను తెలివైనవాణ్ణి కదా, మ్యాపు తీసి వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఓసారి "ఈ ఊళ్ళో నీళ్ళకి కరువొచ్చిందటగా" అన్నాడు. అయ్యో పాపం అన్నాను. రెండ్రోజులు పోయాక వెలిగింది, వెళ్ళి స్నానం చేశాను. నేనక్కడ చదివింది లెక్కలు. నవ్వకు. ఇప్పటికీ కూడిక చెయ్యాలంటే చేతివేళ్ళు ఖాళీగా ఉండాలి నాకు. వాడు వంతెనలు కట్టే చదువు. ఒడ్డూ పొడుగూ ఇద్దరం ఒక్కటే, ఒకడి కోటు ఒకడు వేసుకుని తిరిగేవాళ్ళం. బుర్రలు మాత్రం మార్చుకోడానికి కుదిరేది కాదు, ఆ మేరకి వాడు అదృష్టవంతుడు.

ఇంటావిడ కింద ఉండేది, మేం పైన. వాలు కప్పు గదులు రెండు. మంచమ్మీంచి లేచినప్పుడల్లా నెత్తి కప్పుకి కొట్టుకునేది. నా తెలివితేటలకి సగం కారణం అదేనని వాడనేవాడు. మీ నాన్న తర్వాత వచ్చాడు. వాడే తెప్పించాడు, తమ్ముణ్ణి కూడా పైకి తేవాలని. అన్నదమ్ములిద్దరిదీ ఒకే మంచం. ఒకడు పక్కకి తిరిగితే రెండోవాడు తిరగాల్సిందే. చిన్నోడు చిన్నోడు అని మేం పిలిచేది మీ నాన్ననే. అప్పుడు మీసం కూడా సరిగ్గా రాలేదు, అన్న ఎటు నడిస్తే అటు నడిచేవాడు, అన్న తుమ్మితే వీడు జేబురుమాలు తీసుకునేవాడు. వీళ్ళ అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే పెంచింది అక్క. మీ పెద్దత్త. ఊరివాళ్ళ బట్టలు కుట్టి ఇద్దర్నీ చదివించింది. తను మాత్రం పెళ్ళి మాటెత్తనివ్వలేదు.

ముందే చెప్పేస్తున్నా, వాడిలా తిప్పను. వాడికి ఆ ఏడు పెద్ద జబ్బు చేసింది. సాయంత్రాలు లాండ్రీలో పని చేసేవాడు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు. తడి దుప్పటికి చెరో కొసా ఇద్దరు పట్టుకుని వేడి రోలర్లోకి అందించాలి. ఓరోజు వాడి కొస జారిపోయింది. కొసతోపాటు వాడూ జారిపోయాడు. లాండ్రీ మేస్త్రి, ఎద్దులాంటి మనిషి, భుజానేసుకుని ఆ దుప్పట్లు వెళ్ళే ఆస్పత్రికే తీసుకెళ్ళాడట. అక్కడి డాక్టరు మనవాడిలాంటివాడు కాదు, సూటి మనిషి. "రక్తం చెడిపోయింది. మందు లేదు. ఏడాది తిరగదు. మీవాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే ఈ నెలా వచ్చే నెలా, ఆ తర్వాత విమానం ఎక్కనివ్వను. ఒంటరిగా మాత్రం వెళ్ళకు." ఇదీ మాట. వాడికి అక్క దగ్గరికి వెళ్ళాలని ఉంది. వెళ్ళాలంటే తోడు రావాల్సింది తమ్ముడు. రావాలంటే తమ్ముడికి సంగతి చెప్పాలి. ఉప్పు తక్కువైందని చెప్పలేనివాడు, ఈ మాట ఎలా చెబుతాడమ్మా? ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా వాడి చేతులమీద నీలం మచ్చలు పడుతున్నాయని. మంచం చిన్నది, గోడకి కొట్టుకుంటున్నాడనుకున్నా. లెక్కలవాణ్ణి కదా.

చెప్పడానికి చూసేవాడట. "ఒరే చిన్నోడా, అక్క కళ్ళు ఎలా ఉన్నాయో, సూదిలో దారం ఎక్కించుకోగలుగుతోందో లేదో" అని మొదలెట్టేవాడు. మీ నాన్న "అద్దాలు పంపిద్దాంలే అన్నయ్యా" అని పుస్తకంలోకి దూరిపోయేవాడు. "ఈమధ్య నాకు ఆకలి తగ్గిందిరా" అంటే, "ఈయన వంట తింటే ఎవరికుంటుంది" అని నన్ను చూపించేవాడు. అదీ నిజమే, గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చేవాణ్ణి.

అలాంటివాడు ఉన్నట్టుండి ఓ పూట "ఒరే, ఈసారి నా పుట్టినరోజు చేద్దాం" అన్నాడు. నేను నోరెళ్ళబెట్టాను. పుట్టినరోజులంటే వాడికి పడదు. "పుట్టడంలో మన ప్రతాపమేముందిరా, కష్టపడింది అమ్మ" అనేవాడు. అదే వాడు ఇప్పుడు ఇంటావిణ్ణి పిలుద్దాం, మేస్త్రిని పిలుద్దాం, కేకు కోద్దాం అంటున్నాడు. సరే, పోనీలే అనుకున్నాం. ఆ వారమంతా ఇంటావిడ మెట్లమీద కూర్చుని ఊలు అల్లుకుంటూ ఏదో గొణుక్కుంటూ ఉండేది. నేను పైకెళ్తుంటే టక్కున ఆపేసి ముసిముసిగా నవ్వేది. అల్లిక కుట్లు లెక్కపెట్టుకుంటోందనుకున్నా. ఇంకా అసలు సంగతి చెప్పమంటావా, నన్ను చూసి మురిసిపోతోందనుకున్నా. అప్పట్లో నాకు జుట్టుండేది.

పుట్టినరోజు వచ్చింది. ఇనప హీటరుమీద ఆరేసిన మేజోళ్ళు తీసి మంచం కింద కుక్కాం. మేస్త్రి తలుపులో పట్టక పక్కకి తిరిగి వచ్చాడు. ఇంటావిడ కేకు తెచ్చింది, మధ్యలో గుంట పడిన కేకు, గుంటలో ఒక్క కొవ్వొత్తి, కరెంటు పోయినప్పుడు వాడే లావుపాటిది. డొంక ఊదాడు. ఒక్క ఊదుకి ఆరలేదు. రెండోదానికీ ఆరలేదు. చిన్నోడు పక్కనుంచి చటుక్కున వంగి ఊదేసి చప్పట్లు కొట్టాడు. అప్పుడు ఇంటావిడ లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది, బడిలో పద్యం అప్పజెప్పబోయే పిల్లలా చేతులు కట్టుకుంది. మాకు మా భాషలో దీవెన నేర్చుకుందట! డొంక నేర్పాడట! ఆవిడకి నోరు తిరగదు పాపం, ఆ కష్టం మొహంలో కనిపిస్తూనే ఉంది. వాడి నెత్తిమీద చెయ్యి పెట్టి, స్పష్టంగా, ఒక్కొక్క ముక్కా విరిచి అంది: "నీకు - నూరెల్లూ - నిందాయి - నాయ్నా."

నాకు నోట్లో కేకు. అది ముక్కులోంచి వచ్చింది, ఇంకేం చెప్పను. నిండు నూరేళ్ళు బతకమనడం పోయి నూరేళ్ళూ నిండాయంటుందేంటి ముసలమ్మ! చావుకబురు చల్లగా చెప్పడమంటే ఇదేరా అని పడీపడీ నవ్వాను. మేస్త్రికి ఒక్క ముక్క తెలీదు, అయినా భలే భలే అన్నట్టు గోడ అదిరేలా చప్పట్లు కొట్టాడు. ఇంటావిడ మొహం దీపంలా వెలిగిపోతోంది. నవ్వు తుడుచుకుంటూ డొంక వైపు చూశాను. వాడు నవ్వట్లేదమ్మా. ఆవిడ చెయ్యి నెత్తిమీద అలాగే ఉంది, కళ్ళు తమ్ముడిమీద ఉన్నాయి. అలాంటి చూపు నేనెప్పుడూ చూళ్ళేదు. సంతకం పెట్టించుకోడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డవాడి చూపు.

మీ నాన్న ఏం చేశాడో తెలుసా? లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, పంతులుగారిలా దిద్దాడు. "నిండాయి కాదమ్మా, తప్పు. నిండు. నిండు నూరేళ్ళు. నాతో చెప్పండి." ఆవిడ డొంక వైపు చూసింది, నువ్వు నేర్పింది ఇది కాదు కదా అన్నట్టు. డొంక మెల్లిగా, ఆవిడ భాషలో కాదు, మన భాషలోనే అన్నాడు: "ఆవిడ తప్పేమీ అనలేదురా చిన్నోడా." మీ నాన్న వెనక్కి తిరగలేదు. ఇంకా గట్టిగా, "చెప్పండమ్మా, నిండు నూరేళ్ళు బతుకు" అన్నాడు. చెప్పించాడు. తప్పు పోతే మళ్ళీ చెప్పించాడు. ఆవిడ చివరికి సరిగ్గా పలికేదాకా వదల్లేదు. డొంక అలా కూర్చుని ఆ దీవెనలన్నీ వరసగా పుచ్చుకున్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక గిన్నెలు కడుగుతుంటే డొంక నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఒరే, నా నోట రాలేదురా. మన మాట తెలిసినవాళ్ళెవరి నోటా రానివ్వలేను. అర్థం తెలీని నోరైతే దానికి నెప్పి ఉండదు కదా అని ముసలమ్మని బతిమాలా" అన్నాడు. నేనింకా నవ్వుతూనే, "ఏ మాటరా?" అన్నాను. ఆ మాటకి వాడు నా చేతిలో పళ్ళెం తీసుకుని తుడిచి, "రేపు నాతో ఆస్పత్రికి రా" అన్నాడు. నీళ్ళకి కరువొచ్చిందని అనలేదు చూడు. అప్పుడు భయమేసింది నాకు.

డాక్టరు నాకూ సూటిగానే చెప్పాడు. తిరిగొచ్చి మీ నాన్నని కూర్చోబెట్టబోయాను. "పరీక్షలు అయ్యాక మాట్లాడదాం" అని నా మాట వినపడకుండా కుళాయి తిప్పేశాడు. నేను గొంతు పెంచితే ఇంకా గట్టిగా తిప్పాడు. డొంక నన్నే తిట్టాడు, "వాడికి చెప్పాల్సింది నేను, నువ్వు నోరు ముయ్యి" అని. ఇలా ఈ నెల పోయింది, ఆ నెలా పోయింది. వాడు మెట్లెక్కలేక కింద ఇంటావిడ ముందుగదిలో పడుకునేవాడు. మీ నాన్న పైన ఒక్కడే ఆ మంచంలో ఓ పక్కకే ఒదిగి పడుకునేవాడు, రెండో సగం అలాగే ఉంచి. పరీక్షలు అయ్యాయి. ఫస్టు వచ్చాడు. ఆ రోజే డాక్టరు ఇక ప్రయాణం లేదన్నాడు.

వార్డులో నేనూ ఉన్నా. డొంక, "చిన్నోడా, ఇప్పుడు చెప్పనా?" అన్నాడు. మీ నాన్న తల ఊపాడు. "పోతున్నానురా. అక్కని చూడాలనుకున్నా. ఇక కుదరదు." జన్మలో వాడు తమ్ముడితో డొంకలేకుండా మాట్లాడింది అదే. మీ నాన్న మంచం పట్టీమీద తల పెట్టేశాడు. "ముసలమ్మ అన్నప్పుడే అర్థమైంది అన్నయ్యా" అన్నాడు. "నాకు తెలుసులేరా" అన్నాడు వాడు. కాసేపటికి, "అక్కకి నువ్వే చెప్పు. నాలా ఇంకో నోరు వెతుక్కోకు" అన్నాడు. ఆ పై వారం పోయాడు. అక్కడే కానిచ్చేశాం. మీ నాన్నని విమానం ఎక్కించింది నేనే. చిన్న సంచి, అంతే.

ఏంటీ? చెప్పాడా అనా? నేనూ చెప్పాడనే అనుకున్నానమ్మా. కొన్నేళ్ళు నేనిటు రాలేదు. వచ్చాక ఓరోజు మీ పెద్దత్తని చూద్దామని వెళ్ళాను. మిషను ముందు కూర్చునుంది. అద్దాలొచ్చాయి, జుట్టు నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి, "మా పెద్దాడు నీ దగ్గరే ఉండేవాడు కదూ నాయనా! అక్కడే ఉద్యోగమని చిన్నోడు చెప్పాడు. ఏం ఉద్యోగమో, అక్క అన్నది ఒకటుందని మర్చిపోయే ఉద్యోగం" అంది. కోపంగానే అంది. అంటూనే లేచి గూడు తెరిచింది. చొక్కాలు. ఒకదానిమీద ఒకటి, మడతలు నలక్కుండా. ప్రతి పుట్టినరోజుకీ ఒకటి కుడుతోందట, వచ్చినప్పుడు వేసుకుంటాడని. ఈ ఏటిది కత్తిరించాలి, కొలత తెలీడం లేదంది. "ఈ వయసుకి నడుం కాస్త పెరిగుంటుంది కదూ?" అంది.

మీ నాన్నకి కుళాయి ఉంది. నాకు ఏముందీ, చుట్టూ చూశాను.

"పెరిగే ఉంటుందమ్మా" అన్నాను.

"నువ్వూ వాడూ ఒక్క ఒడ్డూ పొడుగూ కదా, ఇలా నిలబడు" అని మెళ్ళోంచి టేపు తీసింది. నిలబడ్డాను. చేతులు చాపమంది.

చాపాను.