గొడుగు పట్టిన ఆమె

పుంగనూరులో ఒక ఫోటో స్టూడియో. తండ్రి శవాన్ని ఎత్తే ముందు అందరినీ నిలబెట్టి తీసిన ఫోటో కోసం, ఆ రోజు ఆలస్యంగా చేరుకున్న కూతురు వచ్చింది.

“అందరూ ఉండారు గదప్పా, మాయమ్మ యాడ?”

“వాన పడతాండె గదమ్మా. కెమెరా తడస్తాదని ఒక పెద్దామెను గొడుగు పట్టమంటి. నా ఎనక నిలబడి పట్టింది.”

“నీలం చీర కట్టుకోనుండెనా?”

“ఊఁ. తాను తడస్తానే పట్టిందమ్మా.”

“ఆమే మాయమ్మ.”

ఫోటోగ్రాఫరు తల దించుకున్నాడు.

“పనిచేసే ఆమేమో అనుకుంటినమ్మా.”

“మాయమ్మ నీకేం చెప్పలేదా?”

“ఒక మాట అడిగింది. ‘నేనూ పోయి ఆయన పక్కన నిలబడేదా నాయనా’ అని.”

“నువ్వేమంటివి?”

“గొడుగు కదిలించొద్దంటి.”