నాలుగు బీడీల విండోస్

నల్లగొండ, 1997 ఎండాకాలం. అన్నదమ్ములు పీర్ మహమ్మద్, మక్సూద్‌ల కంప్యూటర్ టైపు దుకాణం. పక్కగదిలో కిరాయికుండే గుర్వమ్మ మెట్ల మీద కూర్చుని బీడీలు చుడుతోంది.

“నీ గడియారం నమ్మ, మక్సూద్. నిన్న నువ్వే ముల్లు తిప్పినవ్.”

“నీది నమ్మాల్నా భాయ్? అది నమాజుకే పావుగంట లేటు చేస్తది.”

“మరెట్ల? కంప్యూటర్ కొనుక్కపోనీకొచ్చిన ఐలేశం సారు జీపు బయట ఆగి ఉంది. రెండు పెట్టెలల్ల ఒకటి ఆయనకిస్తనని మాటిచ్చిన. ఏది జల్ది తెరుచుకుంటే అది మనకు. లేటయితే గిరాకంత ఎదురు దుకాణంల పడుతాంది.”

“పెట్టెలు రెండూ ఒక్కతీరువే భాయ్. లోపలి విండోసే తేడా. నీదాంట్ల పాతది, మూడు పాయింట్ ఒకటి. నాదాంట్ల కొత్తది, తొంభై ఐదు. కొత్తదే ఉరుకుతది.”

“ఉరుకుతదో, పండుకుంటదో! గుర్వమ్మక్కా, జర చేట పట్టుకొని లోపలికి రా.”

“ఏంది తమ్మీ, మల్ల కొట్లాటనా?”

“నీ చెయ్యి గడియారం లెక్క నడుస్తది. నీ కోడలు కాన్పయితుంటే గూడ బీడీ చుట్టుడు ఆపలేదట గద?”

“ఎందుకాపాలె? కనేది ఆమె గద.”

“మేం మీట నొక్కంగనే చుట్టుడు మొదలుపెట్టు. తెరుచుకుందంటే ఆపు. ఎన్ని బీడీలైతే గంత సేపు.”

“ఎవరు గెలిచినా బీడీలు నాయే గద?”

“నీయే అక్కా, నీయే! ముందుగాల నా పాతది. నొక్కిన. కానియ్.”

“ఒకటి... రెండు... మూడు...”

“జర మెల్లగ చుట్టు అక్కా!”

“భాయ్! గడియారంతోని మాట్లాడొద్దు!”

“...ఆరు.”

“తెరుచుకుంది! ఆరు బీడీలు. రాస్కో మక్సూద్. ఇగ నీది.”

“నొక్కిన. అగో, చూడు భాయ్, నీలం మొగులు, దాని మీద మబ్బులు! నీదాంట్ల ఉన్నయా గివి?”

“మబ్బులతోని టైపు చేస్తవా?”

“అక్కా, ఎన్నయినయ్?”

“ఆఁ? రెండు.”

“రెండేనా! మక్సూద్, ఇంక తెరుచుకుంటలేదేందిరా? నాకైతే చానా సేపైనట్టుంది.”

“ఓడిపోతవని ఫికర్ పట్టింది నీకు. గందుకే గట్లనిపిస్తాంది. ఇగో... ఇగో... తెరుచుకుంది! అక్కా, ఎన్ని?”

“నాలుగు.”

“నాలుగే! విన్నవా భాయ్? నీది ఆరు, నాది నాలుగు!”

“సరే, సరే. మాటంటే మాటే. ఐలేశం సారూ! లోపలికొచ్చి పాతది ఎత్తుకపోండ్రి. దాని ఫ్లాపీలు గూడ తీస్కపోండ్రి, ఇగ మాకెందుకు?”

“జీపు మలుపు తిరిగింది భాయ్. ఏడ్వకు.”

“ఏడుస్తలే. దుబ్బ పడ్డది కండ్లల్ల.”

“రేపట్సంది చూడు, గిరాకి లైను కడ్తది! అక్కా, నీ పుణ్యమాని గెలిచిన. చాయ్ తెప్పించాల్నా?”

“చాయ్ వద్దు తమ్మీ. నీ పెట్టె ఇంకోపారి బందుచేసి తెరువు.”

“ఎందుకక్కా?”

“ఆ మబ్బులు చూస్త. మా ఊరు మర్రిగూడల మూడేండ్లాయె మబ్బు పట్టక. ఇందాక గవి చూసుకుంట కూసున్న, చుట్టుడే మర్చిపోయిన.”