ఊగాల్సిన బరువు

గిదేం హాస్టల్ బిడ్డా! ఆధార్ సూపియ్యమంటడు, సంతకం పెట్టుమంటడు, నీకు నేనేమైతనని అడుగుతడు ఆ వాచ్‌మన్. ఏమైతనని చెప్పాలె? నాచారం షెడ్డుల హరిచందన మేడంతోని పనిజేసిన ఫిట్టర్ను, మొగిలయ్యను అన్న. గేటుకాడనే పావుగంట నిలవెట్టిండు.

వద్దొద్దు, నీళ్లొద్దు. బ్యాగులు సదురుకుంటున్నవా? కాకినాడ బండికేనా? జర ఆగు. ఒక్క మాట చెప్పిపోత.

ఆ టెలిస్కోపు స్టాండు యాదికున్నదా? యాదికుండకేం, దాని మీదనే కదా నీ కొలువు పోయింది! కొండ మీద నిలవెట్టినంక గాలి కొట్టినప్పుడల్లా వణికిందట. చుక్కను ఫోటో తీస్తె గీత లెక్క పడ్డదట. మీటింగుల మన షెడ్డు పెద్ద ఉమామహేశ్వర్ సారు నీ లెక్కలే తప్పన్నడు. నువ్వు నా దిక్కు సూసినవ్. నేను చాయ్ గ్లాసు దిక్కు సూసిన.

ఆ స్టాండు ఎనుక ఇనుప బరువొకటి యాలాడదీపిచ్చినవ్ గదా, పదిహేను కిలోలది. స్టాండు ఇటు వణికితె అది అటు ఊగి ఆ వణుకును మింగుతదని నాకు ఇడమర్సి చెప్పినవ్. "మొగిలయ్యగారూ, ఈ నట్టు మాత్రం బిగించకండి, ఇది ఊగాలి" అన్నవ్. రెండుసార్లు అన్నవ్. నేను సరే మేడం అన్న.

లారీల ఎక్కిచ్చేటప్పుడు అది లొడలొడమన్నది. ఇరవైయేడేండ్ల సంది నా చేతికెళ్లి వదులు నట్టు ఒక్కటన్న గేటు దాటిందా? పానా తీసిన, బిగిచ్చిన. బిగిచ్చిన నట్టుకు మేం పెట్టే గుర్తు ఉంటది సూడు, పసుపు పెయింటు గీత, అది గూడ పెట్టిన. నీ మాట యాదికే రాలే. ఒట్టు!

ఎప్పుడు తెలిసిందా? ఆ మీటింగులనే. కొండ మీద స్టాండును తీసి పంపిన ఫోటో గోడ మీద ఏసిన్రు సూడు, అండ్ల నా పసుపు గీత ఉన్నది. నాకొక్కనికే కనవడ్డది.

నోరెందుకు ఇప్పలేదంటె ఏం చెప్పాలె... షెడ్డుల అందరికి పని నేర్పినోన్ని. మొగిలన్న బిగిస్తె ఇగ ఫికర్ లేదంటరు. ఆ పేరు పోతదనుకున్న. నీది పోయింది.

ఉండు, ఇంకున్నది. నీ కొలువు పోయినంక నన్ను కొండ మీదికి తోలిన్రు, ఆ పనికిరాని బరువు కోసి పారేయమని. కోయలే. నట్టు వదులు జేసిన, గంతే. చుక్క కదలకుంట నిలవడ్డది.

ఏం జేసినవ్ మొగిలయ్యా అని సారు అడిగిండు. మేడం లెక్క తప్పుండె, నేను సరిజేసిన అన్న. ఈ నోటితోనే అన్న బిడ్డా!

గీ కవర్ల శాలువ ఉన్నది. దానికే మొన్న షెడ్డుల అందరి ముందట నాకు కప్పిన్రు, చప్పట్లు కొట్టిన్రు. ఇంట్ల నా పెండ్లాం సారలమ్మ దీన్ని దేవుని అర్రల పెట్టింది. గప్పటి సంది నాకు అన్నం పోతలేదు. నువ్వు తీస్కో. తీస్కోవా? పోనీ తిట్టు. నాలుగు మాటలన్న అనరాదూ!

ఏంది, ఫోన్ ఇస్తున్నవ్? సారుకా? ఇప్పుడేనా? రేపు పొద్దుగాల నేనే పోయి... సరె. సరె, ఇటియ్యి.

రింగైతుంది. ఎత్తకుంటె బాగుండని లోపట మొక్కుకుంటున్న. గింతటోన్ని నేను.

ఆ... సార్, మొగిలయ్యను. ఆ నట్టు బిగిచ్చింది నేను సార్. మేడం వద్దనే చెప్పింది.