రెండోసారి అడగలేదు

పెద్దలారా, మా పేటవాసులారా, ముందు వరుసలో కూర్చున్న ఊ ఫో తౌన్ గారి భార్య డా న్యో అమ్మా,

ఆయన పోయిన ఏడో రోజు భోజనం భిక్షువులకు వడ్డించి, ఆ తడి చేతులతోనే మీరంతా ఈ సంఘం గదికి వచ్చారు. చోటు చాలక గుమ్మం బయట గొడుగులు పట్టుకొని నిలబడ్డవారున్నారు. ఊ ఫో తౌన్ ఉండి ఉంటే వాళ్ళను లోపల కూర్చోబెట్టి, తాను వానలో నిలబడేవారు. ఆ మనిషి లేరు. ఆ లేకపోవడంలో నా పాలు ఎంత? ఆ సంగతి చెప్పడానికే లేచాను. పొగడ్తలు మీరు చెప్పండి. మీకు ఆ అర్హత ఉంది.

ఆరేళ్ళ క్రితం ఈ సంఘం లేదు. ఉన్నది ఆయన సైకిలు రిక్షా, దాని హ్యాండిలుకు వేలాడే ఒక గుడ్డ సంచి. ఎవరికి తోచింది వారు అందులో వేసేవారు. ఆ సంచితోనే రోగులు ఆసుపత్రికి చేరేవారు, దిక్కులేని శవాలకు పెట్టెలు వచ్చేవి. సంచి చాలకపోతే ఆయన ఇంటి బియ్యం కదిలేవి. "మా బియ్యం డబ్బాకి అడుగు లేదు టీచరమ్మా, ఎంత పోసినా పక్కింట్లో తేలుతుంది" అని డా న్యో దెప్పిపొడవడం మీరూ విన్నారు.

నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. పదిమంది ఇచ్చింది ఒక్కరి సంచిలో ఉండకూడదన్నాను. రేపు మీ మీద ఒక మాట పడితే ఎవరు కడుగుతారన్నాను. ఏడుగురు సభ్యులు, ఒక పేరు, ఒక ముద్ర, పట్టణ కార్యాలయంలో నమోదు, అన్నీ నేనే చేయించాను. ముద్ర చూసి ఆయన నవ్వారు: "ఇది సంఘమా టీచరమ్మా, నా మీద కేసా?"

సంఘం పెట్టడం తప్పు కాదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను. తప్పు నేను రాసిన అయిదో నిబంధనలో ఉంది: "సాయం కావలసినవారు తమ నోటితో అడగాలి. వద్దన్నవారిని మళ్ళీ అడగరాదు."

ఈ మౌల్మేన్‌లో పేరు ముందు 'ఊ' అనో 'డా' అనో గౌరవం చేర్చనిదే పెద్దలను పిలవని మన బర్మావాళ్ళ మధ్య, అలాంటి నిబంధన ఎవరైనా రాస్తారా? అన్నానికి పిలిస్తే మొదటిసారి తిన్నామంటాం. రెండోసారి ఆకలి లేదంటాం. మూడోసారికి కదా పళ్ళెం ముందు కూర్చుంటాం! ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదన్న మొహమాటం మనకు తల్లిపాలతో వచ్చింది. ఆయన ఆ రోజే చెప్పారు: "మనోళ్ళ మొదటి 'వద్దు' గొంతు సవరించుకోడమే టీచరమ్మా. అసలు మాట తర్వాతొస్తుంది."

నేను వినలేదు. నా మాట ఒక్కటే కాబట్టి అందరి మాటా ఒక్కటే అనుకున్నాను. నా భర్త పోయిననాడు పొరుగువారు తెచ్చిన కూర గిన్నెలను వెనక్కి పంపినదాన్ని. ఎవరూ మళ్ళీ తేలేదు, దాన్ని గౌరవమనుకున్నాను. నా గర్వానికి ఒక నంబరు వేసి, మీ అందరిచేతా సంతకాలు పెట్టించాను.

ఆయనా పెట్టారు. పెట్టి, తన దారిన తాను నడిచారు. కుట్టుపని చేసే పెద్దావిడ డా ప్వా కంటి ఆపరేషను వద్దన్నారు. వద్దన్నారని రాసుకొని నేను కాగితం మూశాను. మర్నాటి నుంచి ఆయన రిక్షా గొలుసు సరిగ్గా ఆమె గుమ్మం ముందే ఊడేది. మూడో రోజు ఆమె కేకేశారు: "నీ గొలుసుకి నా గుమ్మం తప్ప చోటే దొరకలేదా? సరే పదవయ్యా, ఎక్కుతా!" ఆ కళ్ళతోనే ఇప్పుడు ఆమె ఆ మూల నుంచి నన్ను చూస్తున్నారు.

గత నెల ఆయన పాదాలు ఉబ్బాయి. ఆయాసపడుతూ ఈ గదికి వచ్చి కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నారు. ఒక రోజు కాదు, మూడు రోజులు. వానల గురించి మాట్లాడారు. మొహింగా నూడుల్స్ పులుసులో చేప తగ్గించేశాడని దుకాణంవాణ్ణి తిట్టారు. మొదటి రోజు అడిగాను, డాక్టరుకు చూపించుకోండి, సంఘం భరిస్తుందని. "నాకెందుకు టీచరమ్మా, నాకన్నా అవసరమున్నోళ్ళున్నారు" అన్నారు. తలూపాను. రెండో రోజు అడగలేదు. మూడో రోజు అడగలేదు. పైగా ఎంత స్వాభిమానమని లోలోపల మెచ్చుకున్నాను. ఆయన ఆ బల్ల మీద దేనికోసం ఎదురుచూశారో నాకు తెలియదా? తెలుసు. తెలిసే నిబంధనను కాపాడాను, మనిషిని వదిలేశాను.

మీరు ఆసుపత్రికి మోసుకెళ్ళేసరికి మరో తొమ్మిది రోజులు గడిచాయి. ముందే తెస్తే బతికేవారని డాక్టరు అన్నారు. డా న్యో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేదాన్ని.

ఇంటి ఖర్చులు సంఘం చూస్తుందని నిన్న ఆమెకు చెప్పాను. వద్దన్నారు. ఈ ఉదయం మళ్ళీ అడిగాను. "మీకెందుకమ్మా శ్రమ" అన్నారు. ఆ సాయాన్ని మన అలవాటు ప్రకారం దాతల పేర్లతో సహా ఇప్పుడు మైకులో ప్రకటించమని కమిటీ నాకు చెప్పింది. ప్రకటించను. నిండు సభలో ఆమె కాదనలేరు. అది అడగడం కాదు, చేయి మెలిపెట్టడం. డా న్యో అమ్మా, రేపు మీ గుమ్మానికి వస్తాను. కాదంటే ఎల్లుండి వస్తాను. ఈ ఉదయం దాకా, డెబ్బై ఆరేళ్ళలో ఒకే పనిమీద ఒకరి గుమ్మం ముందు రెండుసార్లు నిలబడనిదాన్ని. నేర్చుకోవడానికి కాస్త వ్యవధి ఇవ్వండి.

ఇక, లేవగలిగినవారంతా లేవండి. బయట ఉన్నవారూ మాటలు ఆపండి. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. మీరు ఆయనను తలచుకోండి. నేను క్షమించమని అడుగుతాను. ఒక్కసారి కాదు.