సాక్ష్యం చెప్పే కుర్చీ

పంజాగుట్టలో చెప్పుల షాపు మీది అంతస్తులో ఆదివారం ప్రార్థన జరుగుతోంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి మైకులో పిలవగానే, ఈమధ్యే ఉద్యోగంలో చేరిన యువకుడు బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. పాస్టరు గారి భార్య వెనకే వచ్చింది.

“ఏంటి బ్రదర్, భయమా?”

“కాదమ్మా. ఏం చెప్పాల్నో సమజైతలేదు.”

“ఉద్యోగం కోసం అందరం ఉపవాసముండి ప్రార్థించాం. దేవుడిచ్చాడు. అదే చెప్పండి.”

“ఇచ్చిండు. కానీ ఆఫీసుల కూసుంటే, నేను పుట్టింది గిందుకేనా అనిపిస్తుంది. జాబ్ లేనప్పుడే మంచిగుండె.”

“అదేంటి! రోజూ ఏడ్చేవారు కదా?”

“ఏడుస్తుంటి. కానీ ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి పొద్దుగాల్నే వచ్చి ఈడ చాపలు పరుస్తుంటి. ముసలోళ్లను ఈ మెట్లు ఎక్కిస్తుంటి. ఎందుకు లేస్తున్ననో ఎరుకుండె.”

“ఇప్పుడెవరు వద్దన్నారు?”

“మీరేనమ్మా. ‘ఉద్యోగస్తులు, మీకెందుకు బ్రదర్ ఈ పనులు’ అని ముందల కుర్చీ ఏసిండ్రు.”

ఆమె వచ్చి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

“ఇది చెప్తే సాక్ష్యమైతదా అమ్మా?”

“నాకూ తెలీదు బ్రదర్. ఇంతవరకు ఇలా ఎవరూ చెప్పలేదు.”

కింద మెట్టు దగ్గర ఓ ముసలమ్మ కర్ర ఆనించి పైకి చూస్తోంది.

“లోపల మళ్లీ పిలుస్తున్నారు బ్రదర్.”

“జర ఆగుమనుండ్రమ్మా, అవ్వను ఎక్కిచ్చి వస్త.”