మెట్ల లెక్క

ద్వీపనగరంలోకి సముద్రం చొచ్చుకొచ్చిన రోజున టీచరమ్మ భర్త పోయాడు. ఏడాది తరువాత ఒక సాయంత్రం, సముద్రపు పోటు హెచ్చరికల కార్యాలయంలో పనిచేసే మరిదితో ఆమె బడి మెట్ల మీద కూర్చుంది.

“ఆ రోజు మెసేజ్ అన్నయ్యకి అందలేదా వదినా?”

“అందింది. ‘నీటిమట్టం రెండు పాయింట్ నాలుగు మీటర్లు.’ చదివి, ‘తమ్ముడు మళ్లీ లెక్కలు పంపాడు’ అని నవ్వి, కింది గదిలోనే ఉండిపోయారు.”

“అది రాసింది నేనే.”

“తెలుసు. ఇకమీదట ఇలా రాయి. ‘నీళ్లు మీ ఇంటి మూడో మెట్టు దాకా వస్తాయి. మేడెక్కండి.’”

“ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క! మెట్లన్నీ కొలిచేదెవరు?”

“నా ఏడో తరగతి. నీ యంత్రాలు సముద్రాన్ని కొలుస్తాయి, నా పిల్లలు గుమ్మాల్ని కొలుస్తారు.”

“మా పెద్దసారు ఒప్పుకోవద్దూ?”

“ఎందుకు ఒప్పుకోడు? మొన్న పోటుకి నా పిల్లలు ఒక వీధికి అలా చీటీలు రాసి పంచితే, ఎవరి మాటా వినని చివరింటి మామ్మ కోళ్లతో సహా మేడెక్కింది.”

“ఆ కోళ్ల గంప మోసింది నేనే వదినా!”

“వానల్లోపు ఊరంతా అయిపోతుంది. ఇదిగో జాబితా.”

అతను చివరిదాకా చదివాడు. “మన ఇల్లు లేదేం?”

ఆమె టేపు చుట్టి సంచిలో పెట్టుకుంది. నాలుగు వందల ఇళ్లు కొలవడం అయింది. తన ఇంటి మెట్లు ఇంకా కొలవలేదు.