కొలవనిది సున్నా కాదు

(మిర్యాలగూడ, 1978 జూన్. పంటల గణాంకాల ఆఫీసు నుంచి రిటైరైన ఇన్వెస్టిగేటర్ ఐలయ్య సన్మాన సభలో చేసిన ప్రసంగం.)

అధ్యక్ష స్థానంలో ఉన్న మా పై అధికారి బద్రీనాథ్ గారికి, సూర్యాపేట నుంచీ కోదాడ నుంచీ పనులు మానుకుని వచ్చిన తోటి ఉద్యోగులకు, పెద్దలకు, హాలియా అవతలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ రైతులకు నమస్కారం. నిలబడ్డవాళ్లు జర ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

1956లో ఏ హోదాలో చేరానో ఇవాళ అదే హోదాలో దిగిపోతున్నాను. (నవ్వులు) నవ్వండి, కానీ ఆ బాధ నాకు లేదంటే అబద్ధమవుతుంది. ఒక్క పని గుర్తు చేసుకుంటే మాత్రం నాకు నా ఉద్యోగం మీద గర్వం కలుగుతుంది. అది చెప్పి కూర్చుంటాను.

మా పని మీకు తెలిసిందే. పై నుంచి వచ్చిన కాగితంలో ఏ సర్వే నంబరు ఉంటే ఆ పొలానికి, చెప్పిన రోజున వెళ్లి, తాడుతో పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, ఆ చెక్కలోని వరి కోయించి, తూకం వేసి, ఎన్ని కిలోలో ఫారంలో రాయడం. 1973లో మల్లెగుట్ట తండాకు అలాగే వెళ్లాను. కాలువకు అది చివరి ఊరు. నీళ్లు ముందే ఆగిపోవడంతో వాళ్లు పంట ముందే కోసేశారు. నేను వెళ్లేసరికి మోళ్లే మిగిలాయి. ఆఫీసుకు వచ్చి సంగతి చెబితే, అప్పటి మా సూపర్వైజరు గారు, "పక్క ఊరి అంకె వేసెయ్యవయ్యా, ఎవడు చూస్తడు?" అన్నారు. ఆ సూపర్వైజరు గారు ఇప్పుడు అధ్యక్ష స్థానంలోనే ఉన్నారు. (నవ్వులు) సార్ కూడా నవ్వుతున్నారు, బతికిపోయాను. నేను వేయలేదు. కళ్లతో చూడనిది ఎలా రాస్తాను? గడి ఖాళీగా వదిలేశాను.

ఆ ఏడే మా ఫారాలను మొదటిసారి హైదరాబాదులో కంప్యూటరుకు ఎక్కించారు. ఒక్కో ఫారానికి ఒక్కో అట్టకార్డు. అంకెకో రంధ్రం కొడితే మిషను చదువుకుని సగటులు తీస్తుంది. మూడు నెలల తర్వాత ఒక జాబితా వచ్చింది. కాలువ నీళ్లిచ్చినా ఏమీ పండని ఊళ్లు, వచ్చే వానకాలం వాటికి నీళ్ల వంతు తగ్గించాలట. అందులో మల్లెగుట్ట తండా ఉంది.

మర్నాడే తండా పెద్ద సేవ్యా మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, మా పంట సున్నా అని రాసినవట గద. మేం తిన్నది మట్టేనా?"

"నేను సున్నా రాయలే సేవ్యా. ఏం రాయలే."

"మరెవరు రాసిండ్రు?"

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను తల దించుకున్నది ఆ ఒక్క రోజే. ఆ మధ్యాహ్నమే ఫారాల కట్ట చంకలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను.

అక్కడ కార్డులు కొట్టే అమ్మాయి స్వరాజ్యలక్ష్మి, మన కోదాడ అమ్మాయే. అదిగో మూడో వరసలో ఉంది, దాక్కోకమ్మా. ఆమె కార్డు తీసి వెలుగుకు పట్టి చూసింది.

"మిషను ఖాళీ గడిని సున్నా అనే చదువుతుందండీ. నేనైతే మీరిచ్చినట్టే కొట్టాను."

"కొలవనిది సున్నా ఎట్లయితదమ్మా? ఆడ పంట ఉండె. నేను పోయేసరికి కోసిండ్రు, గంతే."

ఆమె నా ఫారం తీసుకుని కార్డు పక్కన పెట్టింది. "మీకిచ్చిన గడి రెండంకెలది కదా. మీరు కొలిచే చెక్కలో తొంభైతొమ్మిది కిలోలు ఎప్పుడైనా పండాయా?"

"ఎక్కడ పండుతయి తల్లీ? ఇరవై అయితేనే పండుగ."

"అయితే తెలియని చోటల్లా తొంభైతొమ్మిది కొడతాను. అది కనబడితే లెక్కలోకి తీసుకోకుండా వదిలెయ్యమని ప్రోగ్రాములో చెప్పిద్దాం."

చెప్పినంత తేలిక కాలేదు. అక్కడి అధికారి, అచ్చయిన జాబితా మార్చేది లేదన్నాడు. మార్చాలంటే మీ ఆఫీసు నుంచి ఉత్తరం తెమ్మన్నాడు. నేను బద్రీనాథ్ గారికి ట్రంక్ కాల్ చేశాను. "సార్, పంట చూడలేదు కాబట్టే ఖాళీ పెట్టినమని రాయండి" అన్నాను. పై నుంచి తమకు చీవాట్లు పడతాయని తెలిసి కూడా, మర్నాటి బస్సులో ఉత్తరం పంపారు. సార్, ఆ సంతకానికి నేను ఇన్నేళ్లూ థాంక్స్ చెప్పలేదు. ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను. (చప్పట్లు)

మా జిల్లా ఫారాల్లో అలాంటి ఖాళీలు పదిహేడు. స్వరాజ్యలక్ష్మి పదిహేడు కార్డులూ మళ్లీ కొట్టింది. మిషను మళ్లీ తిరిగింది. కొత్త జాబితాలో మల్లెగుట్ట తండా లేదు. వానకాలంలో కాలువ చివరిదాకా నీళ్లు వెళ్లాయి.

ఆ ఏడు కోతలకు వారం ముందే సేవ్యా కబురు పెట్టాడు. వెళ్లి, తాడు పరిచి, కోయించి, తూకం వేశాను. పద్నాలుగు కిలోలు. నా ముఖం చిన్నబోయింది. ఇంత గొడవ చేసి తెచ్చిన నీళ్లకు ఇంతేనా అనుకున్నాను. పక్కనున్నవాళ్లెవరో ఇంకో నాలుగు కలపమన్నారు. సేవ్యా వాళ్లను కసిరాడు.

"కలపకు సారూ. పద్నాలుగు మాదే. గంతే రాయి."

రాశాను. నా సర్వీసులో వేల అంకెలు రాశాను. నాకు పేరు తెచ్చిన అంకె ఒక్కటీ లేదు గానీ, నేను సిగ్గుపడాల్సిన అంకె కూడా ఒక్కటీ లేదు. ఇది గొప్ప చెప్పుకోవడమే అయితే ఇవాళొక్కరోజు చెప్పుకోనివ్వండి.

ఈ శాలువాకు, ఈ ఆదరానికి, ఎండలో నాకు మజ్జిగ పోసిన ప్రతి ఇంటికీ నా కృతజ్ఞతలు. రేపటి నుంచి పొలాలకు వెళతాను, కానీ తాడు పట్టుకుని కాదు. ఇగ నాకు సెలవిప్పించండి.